ఒక దీవికే పరిమితమైన కీచురాయి జాతిని గుర్తించి వర్ణించడం ఎలా: పాట నుంచి హోలోటైప్ దాకా

దీవుల్లో కొత్త కీచురాయి కంటపడటం అంత అరుదేమీ కాదు. అది కొత్త జాతి అని నిరూపించడమే కష్టం. హవాయి దీవుల్లోని లౌపాలా అనే ప్రజాతిని చూడండి. అందులో 38 జాతులున్నాయి. అన్నీ ఆ దీవులవే, ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించవు. చచ్చిన పురుగుల్ని పెట్టెలో పక్కపక్కన పెడితే చాలా జాతుల మధ్య తేడా నిపుణులకు కూడా అంత తేలిగ్గా అందదు. పాట వింటే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. హవాయి పెద్ద దీవిలో ఉండే లౌపాలా పారానైగ్రా మగది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 0.7 పల్సులు, అంటే విడివిడిగా వినిపించే శబ్దపు ముక్కలు, వేస్తుంది. అదే దీవిలోని లౌపాలా కోహాలెన్సిస్ సుమారు 3.7 వేస్తుంది. ఐదు రెట్ల తేడా. ఆడది ఆ వేగాన్ని పట్టే తన జాతి మగవాణ్ని వెతుక్కుంటుంది.

కాబట్టి కీచురాయి జాతిని నిలబెట్టాలంటే నాలుగు రకాల ఆధారాలు కావాలి: పాట, శరీరం, డీఎన్ఏ, దొరికిన చోటు. ఈ నాలుగూ ఒకే పురుగువి అయి ఉండాలి. ఒక మగదాని పాట రికార్డు చేసి, పక్క పొదలో ఇంకోదాన్ని పట్టి, రెండూ ఒకటేననుకుంటే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ లింకు తెగకుండా కాపాడటానికే.

బయలుదేరే ముందు

ముందుగా ఆ దీవి ఎలాంటిదో తెలుసుకోండి. సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతం లేచి ఏర్పడిన దీవా, ఒకప్పుడు పెద్ద భూభాగంలో భాగమా? హవాయిలాంటి దీవికి ఏ ఖండంతోనూ ఎప్పుడూ సంబంధం లేదు. అక్కడున్న కీచురాళ్ల పూర్వీకులు సముద్రం దాటి వచ్చినవే, బహుశా కొట్టుకొచ్చిన చెట్ల మీదో, వాటిలో పెట్టిన గుడ్ల రూపంలోనో. అదే 20,000 ఏళ్ల కిందటి హిమయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. అప్పుడు లోతు తక్కువైన సముద్రం మధ్యనున్న దీవులెన్నో ఒడ్డుతో కలిసిపోయి ఉండేవి. హవాయిలోనే మావి, మోలోకాయి, లానాయి దీవులు అలా ఒకే భూభాగంగా ఉండేవి. "ఈ జాతి ఈ దీవిలోనే ఉంది" అని చెప్పేముందు ఏయే పక్క చోట్లు వెతకాలో ఈ చరిత్రే చెబుతుంది.

రెండోది, ఆ ప్రాంతం నుంచి ఇంతవరకు వర్ణించిన జాతులన్నిటి జాబితా. ఆర్థోప్టెరా స్పీసీస్ ఫైల్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ప్రపంచంలోని మిడతలు, కీచురాళ్ల పేర్లు, పాత పేర్లు, టైప్ నమూనాలు (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఎంచుకున్న పురుగులు) ఏ మ్యూజియంలో ఉన్నాయో, చాలావాటి ఫొటోలు కూడా దొరుకుతాయి. అక్కడి నుంచి మొదలుపెట్టి ప్రతి జాతికీ దాని తొలి వర్ణన తెప్పించుకుని చదవాలి. పందొమ్మిదో శతాబ్దపు వర్ణనలు కొన్ని లాటిన్‌లో మూడు నాలుగు వాక్యాలే ఉంటాయి, పాట గురించి ఒక్క ముక్క ఉండదు. అయినా ఆ పేర్లు చెల్లుతాయి. మీరు కొత్తదనుకున్న పురుగుకు వందేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టి ఉండవచ్చు. కొత్త జాతులుగా ప్రకటించినవి తర్వాత పాత పేర్లలో కలిసిపోవడానికి ఈ దశను తొందరగా దాటేయడం ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం.

మూడోది అనుమతి. అడవిలోకి వెళ్లడానికి, పురుగుల్ని పట్టడానికి, నమూనాల్ని దేశం దాటించడానికి సాధారణంగా వేర్వేరు అనుమతులు అవసరమవుతాయి. ఆ దీవి వాళ్లతో కలిసి పనిచేస్తే వాళ్లకూ మేలు, పనికీ మేలు. ఏ లోయలో ఏ కాలంలో ఏ కూత వినిపిస్తుందో అక్కడ ఉండేవాళ్లకు తెలిసినంతగా బయటి నుంచి వచ్చినవాళ్లకు తెలియదు.

మొదట వినండి, తర్వాత పట్టండి

దీవిలోకి దిగగానే వల తీయకండి. మొదటి రోజులు వినడానికే కేటాయించండి. సాయంత్రం, అర్ధరాత్రి, తెల్లవారుజామున, పగలు కూడా. కీచురాయి అంటే రాత్రే కూస్తుందనుకుంటాం గానీ లౌపాలా మగవి పగటిపూటే పాడతాయి. రాత్రి మాత్రమే తిరిగితే ఒక ప్రజాతి మొత్తం మీ లెక్కలోకే రాకుండా పోతుంది.

చోట్లు కూడా అంతే. చెట్ల ఆకులు, బెరడు సందులు, రాలిన ఆకుల పొర, గడ్డి, సముద్రపు అల తగిలే రాళ్లు, గుహలు అన్నీ చూడాలి. హవాయిలో కాకోనెమోబియస్ అనే ప్రజాతిలో కొన్ని జాతులు ఒడ్డు రాళ్ల మీద, కొన్ని లావా గుహల్లో బతుకుతాయి. కాకోనెమోబియస్ ఫోరై అయితే చల్లారిన కొత్త లావా మీదే ఉంటుంది, అక్కడ మొక్కలు పెరగడం మొదలయ్యాక కనిపించకుండా పోతుంది. 1978లో దానికి పేరు పెట్టారు. పచ్చదనం ఉన్నచోటే వెతికేవాళ్లకు ఆ పురుగు ఎన్నటికీ దొరకదు.

రికార్డింగుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు గానీ కొన్ని విషయాల్లో రాజీపడకూడదు. ఫైలు వేవ్ ఫార్మాట్‌లోనే ఉండాలి. ఎంపీ3 లాంటివి సైజు తగ్గించడానికి శబ్దంలోని వివరాల్ని తీసేస్తాయి. శాంప్లింగ్ రేటు, అంటే రికార్డర్ శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ అంకె, ఎంతుంటే అందులో సగం దాకా ఉన్న ఫ్రీక్వెన్సీలే నమోదవుతాయి. 44.1 కిలోహెర్ట్జ్ రేటుతో తీస్తే 22 కిలోహెర్ట్జ్ దాటినదేదీ రాదు. మామూలు పొలం కీచురాళ్లు నాలుగైదు కిలోహెర్ట్జ్ దగ్గర పాడతాయి కాబట్టి వాటికి అది చాలు. న్యూ కలెడోనియాలోని అగ్నోటికస్ ప్రజాతి చేరే లెబింథిని వర్గం అలా కాదు. వాటి పాట పది కిలోహెర్ట్జ్ దాటిపోతుంది, కొన్ని జాతుల్లో ఇరవై కూడా దాటుతుంది. మన చెవికి అందని పాటలూ ఉంటాయి కాబట్టి కొత్త దీవిలో 96 కిలోహెర్ట్జ్‌కు తగ్గకండి, వీలైతే 192 పెట్టుకోండి. రికార్డర్‌లో లెవెల్ తనంతట తానే మారే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. మైక్ కూడా అంత ఎత్తు శబ్దాన్ని పట్టేదై ఉండాలి.

ఇక ఉష్ణోగ్రత. కీచురాయి శరీరానికి సొంత వేడి ఉండదు. గాలి చల్లబడితే పాట నెమ్మదిస్తుంది, వేడెక్కితే వేగం పెరుగుతుంది. ఈ సంబంధం ఎంత కచ్చితమైనదంటే, కూతలు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రాన్ని ఆమోస్ డాల్బేర్ 1897లోనే ప్రచురించాడు. అందుకే ఉష్ణోగ్రత రాయని రికార్డింగు జాతి నిర్ణయానికి దాదాపు పనికిరాదు. వాతావరణ కేంద్రం చెప్పే అంకె కాదు, పురుగు కూర్చున్న చోట, అదే ఎత్తులో థర్మామీటరు పెట్టి చూసిన అంకె కావాలి. నేల మీది ఆకుల కిందా, రెండు మీటర్ల పైన కొమ్మ మీదా ఒకేసారి రెండు మూడు డిగ్రీల తేడా ఉండవచ్చు. ఆ తేడాను పట్టించుకోకపోతే ఒకే జాతి రెండు జాతుల్లా కనిపిస్తుంది.

ప్రతి రికార్డింగు మొదట్లోనో చివర్లోనో మీ గొంతుతో తేదీ, సమయం, చోటు, ఉష్ణోగ్రత, పురుగు నంబరు చెప్పండి. నోట్‌బుక్ తడిసినా, పోయినా ఫైలులోనే అంతా ఉంటుంది.

పట్టేటప్పుడు

పాడుతున్న మగదాన్ని రికార్డు చేశాక అదే మగదాన్ని పట్టాలి. దగ్గరికి వెళ్లగానే అది ఆపేస్తుంది. కదలకుండా కాసేపు ఆగితే మళ్లీ మొదలుపెడుతుంది. ఇద్దరుంటే రెండు వైపుల నుంచి వింటూ శబ్దం వచ్చే చోటును పట్టుకోవడం తేలిక. తల లైటు వెలుతురు తగ్గించుకోండి.

చేత్తో పట్టుకోవద్దు. కీచురాయి వెనక కాలు పట్టుకుంటే కాలు మీ చేతిలో వదిలేసి దూకేస్తుంది. వెడల్పు మూతి ఉన్న గాజు గొట్టాన్ని ముందు పెట్టి, వెనక నుంచి వేలితో దాన్ని అందులోకి తోలండి. ఒక గొట్టంలో ఒక్కటే. గొట్టం మీద రికార్డింగు నంబరు అక్కడికక్కడే రాయండి, బసకు వెళ్లాక రాద్దామని వాయిదా వేయవద్దు.

పొదల్లోని చిన్న జాతుల కోసం కొమ్మ కింద తెల్ల గుడ్డ పట్టి కర్రతో కొట్టండి. నేల మీద తిరిగే వాటికి ఓట్స్ చల్లి రాత్రి వచ్చి చూస్తే బాగా దొరుకుతాయి. ఆడవి పాడవు కాబట్టి అవి ఎప్పుడూ తక్కువ దొరుకుతాయి. మగది పాడిన కొమ్మల చుట్టూ ఓపిగ్గా వెతకడం ఒక దారి. పిల్లల్ని తెచ్చి పెంచి పెద్ద చేయడం ఇంకో దారి. నాకు రెండోదే ఇష్టం. పెంచినవి పొందిగ్గా ఉంటాయి, వయసు తెలుస్తుంది, ఒకే మగదాని పాటను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో రికార్డు చేసుకోవచ్చు. అవసరానికి మించి పట్టకండి. ఒక్క లోయలోనే ఉన్న జాతి అయితే మీ సంచిలో చేరిన ప్రతి ఆడదీ దానికి నష్టమే.

బతికున్నప్పుడే పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా ఫొటోలు తీయండి. ఆల్కహాల్‌లో పడ్డాక ఆకుపచ్చ, గులాబీ, లేత పసుపు రంగులు పోయి అన్నీ ఒకే మట్టిరంగుకు వస్తాయి.

ఇది నిజమైన కీచురాయేనా? పూర్తిగా ఎదిగినదేనా?

ఈ రెండు ప్రశ్నలకు లెన్సు కింద నిమిషంలో జవాబు దొరుకుతుంది. అడగకుండా ముందుకెళ్తే మాత్రం నెలల శ్రమ వృథా అవుతుంది.

నిజమైన కీచురాయి పాదంలో మూడు ముక్కలుంటాయి. మీసాలు దారంలా సన్నగా, చాలాసార్లు ఒంటికంటే పొడవుగా ఉంటాయి. వెనక చివర సెర్సై అనే రెండు పొడవైన తోకల్లాంటి భాగాలు. ఆడదానికి సూదిలాంటి, కొన్ని వర్గాల్లో కత్తిలా వంగిన ఓవిపోజిటర్, అంటే గుడ్లు పెట్టే గొట్టం. పాదంలో నాలుగు ముక్కలుంటే అది వేరే కుటుంబానిది. న్యూజిలాండ్‌లోని వేటా అనే పురుగులు అలాంటివే. రియూనియన్ దీవిలో ఒక ఆర్కిడ్ పువ్వుకు పరాగసంపర్కం చేసే గ్లోమెరెమస్ ఆర్కిడోఫిలస్‌ను కూడా జనం కీచురాయి అనే అంటారు గానీ అది గ్రిల్లాక్రిడిడే కుటుంబానిది, దానికి రెక్కలే లేవు. 2010లో దాన్ని వర్ణించారు. దీవికే పరిమితమైన అద్భుతమైన పురుగే, కానీ దాన్ని పోల్చాల్సిన బంధువులు వేరు.

పెద్దదా, పిల్లా అన్నది దీవుల్లో మరీ ముఖ్యం. దీవి జాతుల్లో రెక్కలు కుదించుకుపోవడం మామూలే. చిన్న రెక్కలతో ఉన్న పెద్ద కీచురాయిని పిల్ల అనుకుని వదిలేయడం, పిల్లను పొట్టి రెక్కల కొత్త జాతి అనుకోవడం రెండూ జరుగుతాయి. పట్టుకునే గుర్తు ఇది: పిల్ల ఆఖరి దశల్లో ఉన్నప్పుడు రెక్క మొగ్గలు తలకిందులై వెనక రెక్క మొగ్గ ముందు రెక్క మొగ్గను కప్పి ఉంటుంది. పెద్దదాంట్లో రెక్క ఎంత పొట్టిదైనా ముందు రెక్కే పైన ఉంటుంది. ఇదొక్కటి చూస్తే సందేహం తీరుతుంది.

నమూనా సిద్ధం చేయడం

డీఎన్ఏ కోసం ఒక నడిమి కాలును తీసి 95 శాతం ఇథనాల్‌లో వేరే చిన్న గొట్టంలో వేయండి. వెనక కాలు కొలతలకు కావాలి, ముందు కాలి పిక్క మీద చెవి ఉంటుంది, అందుకే నడిమి కాలు. మిగతా శరీరాన్ని పూర్తిగా 95 శాతంలో ఉంచితే గట్టిపడి కోయడానికి పెళుసవుతుంది. పరిశీలనకు 70 నుంచి 80 శాతం మంచిది. కొన్నిటిని ఎండబెట్టి పిన్ను గుచ్చండి. రంగు మచ్చలు వాటిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. పిన్ను ప్రోనోటం (తల వెనకనున్న వీపు పలక) మధ్యలో కాక కుడివైపు దిగాలి. పెద్ద పురుగైతే లోపలి పేగులు తీసేయకపోతే కుళ్లి నల్లబడుతుంది.

లేబుల్ మీద దీవి పేరు, చోటు, అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు, తేదీ, పట్టినవారి పేరు, ఏ మొక్క మీద లేదా ఏ నేల మీద దొరికింది, రికార్డింగు నంబరు, డీఎన్ఏ నంబరు ఉండాలి. ఆమ్లం లేని కాగితం, ఆల్కహాల్‌లో కరగని సిరా లేదా పెన్సిల్ వాడండి. ఇంక్‌జెట్ ప్రింటు ఇథనాల్‌లో చెరిగిపోతుంది.

శరీరంలో ఏం చూడాలి

మగదాని ముందు రెక్క దగ్గర మొదలుపెట్టండి. కీచురాళ్లలో సాధారణంగా కుడి రెక్క పైన, ఎడమ రెక్క కింద ఉంటాయి. పై రెక్క అడుగున ఒక లావుపాటి ఈనె మీద రంపం లాంటి పళ్ల వరుస ఉంటుంది. కింది రెక్క లోపలి అంచు ఆ పళ్లను గీకుతుంది. ఆ కదలికకు హార్ప్ అనే త్రికోణాకారపు పొర, దాని వెనక మిర్రర్ అనే పలుచని పారదర్శక భాగం కంపించి శబ్దాన్ని పెంచుతాయి. రెక్కను విప్పి గాజు పలక మీద పరిచి ఫొటో తీయండి. వరుస పొడవు, మొత్తం పళ్ల సంఖ్య, మధ్యభాగంలో మిల్లీమీటరుకు ఎన్ని పళ్లు, హార్ప్‌లో ఎన్ని ఏటవాలు ఈనెలు, మిర్రర్ ఆకారం రాసుకోండి.

ఈ పళ్ల లెక్కతో పాటను సరిచూసుకోవచ్చు. చాలా కీచురాళ్లలో ఒక్కో పంటి దెబ్బకు ఒక్కో కంపనం పుడుతుంది. పాట ఫ్రీక్వెన్సీ 4.5 కిలోహెర్ట్జ్, ఒక పల్స్ నిడివి 20 మిల్లీసెకన్లు అనుకుందాం. 4,500ను 0.020తో గుణిస్తే 90. అంటే రెక్కలు ఒక్కసారి మూసుకునేటప్పుడు సుమారు 90 పళ్లు తగలాలి. మీ మగదాని వరుసలో 130 పళ్లుంటే సరిపోతుంది, అన్నీ వాడదు కాబట్టి. నలభైయే ఉంటే ఏదో తేడా ఉన్నట్టు: రికార్డు చేసిందీ పట్టిందీ ఒకే పురుగు కాకపోవచ్చు, లేదా ఆ జాతి శబ్దం చేసే తీరే వేరు కావచ్చు. రెండోదైతే అది ఇంకా ఆసక్తికరమైన విషయం. ఎటైనా ఆ అనుమానం తీరాకే ముందుకు వెళ్లండి.

తర్వాత మగదాని జననాంగం. కీచురాళ్ల వర్గీకరణలో చాలా ప్రజాతుల్లో ఇంతకు మించిన నమ్మకమైన శరీర లక్షణం లేదు. ఎండిన నమూనా అయితే తేమ పెట్టెలో మెత్తబరచి, కడుపు చివర పై పలకకూ కింది పలకకూ మధ్య పొరను సన్నని సూదితో విడదీసి మొత్తం నిర్మాణాన్ని బయటికి తీయాలి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. ఎంతసేపు అన్నది పురుగు సైజును బట్టి. మధ్యమధ్య తీసి చూస్తూ ఉండాలి, ఎక్కువసేపు ఉంచితే పలుచని పొరలు కూడా పోతాయి. కడిగి గ్లిజరిన్‌లో పెట్టి పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి బొమ్మ గీయండి. స్యూడెపిఫాలస్ అనే పై పలక ఆకారం, దాని కొనల మధ్య గాడి లోతు, పక్కనున్న ఎక్టోపారామియర్ల కొనలు ప్రధానంగా చూడాల్సినవి. ఫొటో ఉన్నా చేత్తో గీయండి. గీస్తున్నప్పుడే ఏ అంచు ఎక్కడ తిరిగిందో కంటికి ఆనుతుంది. చూడటం అయ్యాక ఆ భాగాన్ని గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి అదే పిన్నుకు గుచ్చండి. విడిగా ఒక డబ్బాలో దాచితే లింకు తెగినట్టే.

మిగతా కొలతలు త్వరగా అవుతాయి: ఒంటి పొడవు, ప్రోనోటం పొడవు వెడల్పు, ముందు రెక్క పొడవు, వెనక తొడ పొడవు వెడల్పు, వెనక పిక్క పొడవు, ఓవిపోజిటర్ పొడవు. వెనక పిక్క మీది ముళ్ల సంఖ్య రెండు వైపులా లెక్కపెట్టండి. ముందు పిక్క మీద కర్ణభేరి లోపలివైపు ఉందా, బయటివైపు ఉందా, రెండు వైపులా ఉందా చూడండి. ఒంటి మీద పొలుసులుంటే మోగోప్లిస్టిడే కుటుంబాన్ని గుర్తుంచుకోండి.

రంగునూ రెక్క పొడవునూ అంతగా నమ్మకండి. ఒకే తల్లి పిల్లల్లో కొన్నిటికి పొడుగు రెక్కలు, కొన్నిటికి పొట్టి రెక్కలు ఉండే జాతులు చాలా ఉన్నాయి. కవాయి దీవిలో టెలియోగ్రిల్లస్ ఓషియానికస్ అనే కీచురాయి ఇంకా గట్టి హెచ్చరిక. అది బయటి నుంచి ఆ దీవికి చేరినది. దాని పాట విని వెతుక్కుంటూ వచ్చి ఒంటి మీద పిల్లల్ని వదిలే ఈగ ఒకటి అక్కడుంది, పేరు ఓర్మియా ఓక్రేషియా. ఆ పిల్లలు కీచురాయిని లోపలి నుంచి తినేస్తాయి. ఆ ఒత్తిడిలో 20 తరాలు కూడా గడవకముందే అక్కడి మగవాటిలో అత్యధిక భాగం ఆడదాని రెక్కల్లాంటి చదును రెక్కలతో, పాటే లేకుండా తయారయ్యాయని 2006లో ప్రచురించారు. కారణం ఒకే ఒక్క జన్యు మార్పు. రెక్క చూసి తీర్పు చెప్పేవాళ్లకు అది వేరే ప్రజాతిలా కనిపించి ఉండేది. అది పాత జాతే.

పాటను విశ్లేషించడం

కంప్యూటర్‌లో పాటను రెండు రకాలుగా చూడాలి. కాలంతో పాటు శబ్దం ఎక్కుతగ్గులు చూపే ఆసిల్లోగ్రామ్, ఫ్రీక్వెన్సీ చూపే స్పెక్ట్రోగ్రామ్. ఉచితంగా దొరికే ఆడాసిటీతో మొదలుపెట్టవచ్చు. కొలవాల్సినవి: పల్స్ నిడివి, ఒక పల్స్ మొదలు నుంచి తర్వాతి పల్స్ మొదలు దాకా సమయం, కూతలుగా విడిపోతే ఒక్కో కూతలో ఎన్ని పల్సులు, కూతల మధ్య విరామం, ప్రధాన ఫ్రీక్వెన్సీ. ఆడదాన్ని దూరం నుంచి పిలిచే పాట, దగ్గరికొచ్చాక పాడే పాట, ఇంకో మగదాన్ని బెదిరించే పాట వేర్వేరు. పోల్చేటప్పుడు పిలుపు పాటను పిలుపు పాటతోనే పోల్చండి.

వేగాలు ఉష్ణోగ్రతతో మారతాయి కాబట్టి వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన రికార్డింగులన్నిటినీ గ్రాఫు మీద పెట్టి గీత గీయండి. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పల్స్ వేగం. ఒకే జాతి మగవన్నీ దాదాపు ఒకే గీత చుట్టూ పడతాయి. రెండు జాతులుంటే రెండు వేర్వేరు గీతలు వస్తాయి. ఒకే లోయలో, ఒకే రాత్రి, ఒకే ఉష్ణోగ్రతలో రెండు గీతలు కలవకుండా ఉంటే అంతకంటే గట్టి ఆధారం దొరకదు. పక్కపక్కనే ఉన్నా కలవట్లేదని అర్థం. వేర్వేరు దీవుల్లో ఉన్నవాటి మధ్య అదే తేడా కనబడితే దాని బలం కొంత తక్కువ. అవి కలిసే అవకాశమే లేదు కదా.

లెక్కల్లో ఒక జాగ్రత్త. ఒక మగది వేసిన వెయ్యి పల్సులు వెయ్యి ఆధారాలు కావు, ఒక్క మగదాని సగటు మాత్రమే. ఎన్ని మగవి అన్నదే మీ అసలు సంఖ్య. ఒకటి రెండు మగవాటితో కొత్త జాతిని ప్రకటించకుండా ఆగడం మేలు. ఎనిమిది పది ఉంటే ఆ జాతిలో సహజంగా ఉండే తేడా ఎంతో తెలుస్తుంది.

డీఎన్ఏ ఎంతవరకు

జంతువులకు బార్‌కోడుగా, అంటే జాతిని గుర్తుపట్టే సంకేతంగా, వాడే సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివించడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఆడదాన్ని, పిల్లను, మగదాన్ని ఒకే జాతిగా కలపడానికి అది చాలా ఉపయోగపడుతుంది. కానీ దాని మాటే ఆఖరి మాట కాకూడదు. మిడతలు, కీచురాళ్ల వర్గంలో మైటోకాండ్రియా జన్యువుల నకళ్లు కేంద్రకంలో చేరిపోయి ఉంటాయి, యంత్రం అసలుకు బదులు నకలును చదివేస్తుంది. మధ్యలో ఆగిపోయే సంకేతాలు కనిపిస్తే అది నకలేనని అనుమానించండి. ఇక లౌపాలాలో మైటోకాండ్రియా చెప్పే వంశవృక్షం ఒకలా, కేంద్రక జన్యువులు చెప్పేది ఇంకోలా ఉందని 2002లో కెరీ షా చూపించారు. జాతుల మధ్య అప్పుడప్పుడూ కలయిక జరిగినప్పుడు మైటోకాండ్రియా ఒక జాతి నుంచి ఇంకోదానికి దాటగలదు.

ఇంకో విషయం. దీవి జాతులు చాలా కొత్తవి కావచ్చు. లౌపాలాలో పది లక్షల సంవత్సరాలకు నాలుగుకు పైగా జాతులు పుట్టాయని 2005లో లెక్కగట్టారు. అప్పటికి తెలిసిన కీటకాల్లో అదే అత్యధిక వేగం. అంత కొత్త జాతుల మధ్య బార్‌కోడు తేడా దాదాపు ఉండకపోవచ్చు. తేడా లేదు కాబట్టి ఒకటే జాతి అనేయకండి. పారానైగ్రా, కోహాలెన్సిస్‌లను ప్రయోగశాలలో కలిపితే సంతానం కలుగుతుంది, ఆ సంతానానికీ సంతానం కలుగుతుంది. అయినా అడవిలో అవి రెండు జాతులే.

కొత్తదా? ఈ దీవిదేనా? ఇవి రెండు ప్రశ్నలు

కొత్తదని చెప్పడానికి మీ పురుగును దగ్గరి బంధువులన్నిటి టైప్ నమూనాలతో, లేదా కనీసం వాటి మంచి ఫొటోలతో, పోల్చి ఉండాలి. శరీరం, పాట, డీఎన్ఏ మూడింటిలో కనీసం రెండు ఒకే వైపు చూపాలన్నది నేను పాటించే పద్ధతి.

దీవికే పరిమితమని చెప్పడం ఇంకా బరువైన మాట. ఎందుకంటే అది మిగతా ప్రపంచంలో లేదని చెప్పడం. కొత్తగా దొరికింది కాబట్టి ఇక్కడే ఉందనడం కుదరదు. ముందు మనుషుల వెంట తిరిగే జాతుల్ని పక్కన పెట్టండి. గ్రిల్లోడిస్ సిజిల్లాటస్ లాంటివి మనుషుల వెంట ఉష్ణమండలమంతా పాకాయి. రేవు దగ్గరో, తోటల్లోనో, ఇళ్ల మధ్యనో మాత్రమే దొరికిందంటే అనుమానించండి. ఎగరగలిగే పొడుగు రెక్కలున్నా అనుమానించండి. ఎగరలేని పురుగు, దీవి లోపలి పాత అడవిలోనో గుహలోనో ఉన్నది, పక్క దీవుల్లో దగ్గరి బంధువులున్నా అదే పాట వినిపించనిది అయితే వాదన బలపడుతుంది. పక్క దీవుల్లో, ఎదురుగా ఉన్న ఒడ్డున అదే కాలంలో, అదే రకం చోట్ల విన్నారా? ఏ రోజుల్లో, ఎన్ని గంటలు విన్నారో రాయండి. పాత మ్యూజియం నమూనాలు కూడా చూడండి. అవి చూడలేకపోతే "ప్రస్తుతానికి ఈ దీవి నుంచి మాత్రమే తెలుసు" అని రాయడం నిజాయితీ. ఆ వాక్యం వల్ల జాతి విలువ ఏమీ తగ్గదు.

వర్ణన రాయడం, పేరు పెట్టడం

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న నాలుగో కూర్పు 1999లో వచ్చింది, 2000 జనవరి 1 నుంచి అమలైంది. దాని ప్రకారం పేరు చెల్లాలంటే అది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, మిగతావాటి నుంచి వేరు చేసే లక్షణాలు మాటల్లో చెప్పాలి, ఒక హోలోటైప్‌ను నిర్ణయించాలి, అది ఏ సంస్థ సేకరణలో ఉందో, లేదా ఉంచబోతున్నారో ప్రకటించాలి. పీడీఎఫ్ రూపంలోనే వచ్చే పత్రికలో అయితే ప్రచురణకు ముందే జూబ్యాంక్ అనే జంతు నామాల ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదు చేసి, ఆ నమోదు ఆధారం వ్యాసంలోనే చూపాలి. ఈ వెసులుబాటు 2012లో వచ్చింది.

హోలోటైప్ అంటే ఒక్క పురుగు. ఆ పేరు ఎప్పటికీ దానికే కట్టుబడి ఉంటుంది. కీచురాళ్లలో అది పాట రికార్డయిన, డీఎన్ఏ తీసిన, కాళ్లు రెక్కలు చెదరని పెద్ద మగది అయి ఉంటే చాలా మంచిది. అందంగా ఉన్న ఇంకో మగది ఉన్నా, పాట లేకపోతే దాన్ని పారాటైప్‌గానే, అంటే హోలోటైప్‌తో పాటు వర్ణనకు వాడిన మిగతా నమూనాల్లో ఒకటిగానే, ఉంచండి. భవిష్యత్తులో అదే అడవిలో ఇంకో జాతి బయటపడితే మీ పేరు ఏ పాటదో చెప్పగలిగేది హోలోటైపే.

వ్యాసంలో ఎక్కువ శ్రద్ధ డయాగ్నోసిస్ మీద పెట్టండి. పూర్తి వర్ణన పొడుగ్గా ఉంటుంది. డయాగ్నోసిస్ మాత్రం బంధువుల నుంచి తేడాలనే చెప్పాలి. "మధ్యస్థ పరిమాణం, గోధుమ రంగు, చురుకైన జాతి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఊహకు ఒక మంచి వాక్యం ఇలా ఉంటుంది: "దీనికి అతి దగ్గరి జాతిలో స్యూడెపిఫాలస్ కొనలు గుండ్రంగా ఉండి ఒకదానికొకటి తగులుతాయి. ఇందులో కొనలు మొనదేలి, మధ్య లోతైన గాడి ఉంది. 20 డిగ్రీల దగ్గర పల్స్ వేగం సెకనుకు 2.1 నుంచి 2.4, దానిలో 3.0 నుంచి 3.3." చదివినవాళ్లు తమ చేతిలో ఉన్న పురుగును దీనితో సరిచూసుకోగలరు. పాటలో ప్రతి అంకె పక్కన ఉష్ణోగ్రత, మగవాటి సంఖ్య తప్పనిసరి.

పేరు లాటిన్ వ్యాకరణానికి లోబడాలి. విశేషణమైతే ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు మారుతుంది. చోటు పేరు నుంచి తీసుకుంటే చివర సాధారణంగా "ఎన్సిస్" వస్తుంది, కోహాలా నుంచి కోహాలెన్సిస్ వచ్చినట్టు. ట్రిగొనిడియం లాంటి నపుంసక లింగ ప్రజాతిలో అదే "ఎన్సే" అవుతుంది. పురుషుడి గౌరవార్థం పెడితే "ఐ", స్త్రీ గౌరవార్థం పెడితే "ఏ" అనే అంత్యాక్షరాలు చేరతాయి. నన్నడిగితే ఆ దీవి చోటు పేరో, అక్కడివాళ్లు ఆ పురుగును పిలిచే పేరో, వాళ్ల అంగీకారంతో పెట్టడం అన్నిటికంటే మంచిది.

ప్రచురణ అయ్యాక హోలోటైప్‌కు ఎర్ర లేబుల్ తగిలించి మ్యూజియానికి ఇవ్వండి, కొన్ని పారాటైపులు ఆ దీవికి దగ్గరి సంస్థకు చేరేలా చూడండి. అసలు వేవ్ ఫైళ్లను శబ్ద భాండాగారంలో, డీఎన్ఏ వరుసల్ని జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో పెట్టి, ఆ నంబర్లు వ్యాసంలో నమూనా నంబరు పక్కనే వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకోండి. జాతి ఒక్క లోయకో గుహకో పరిమితమైతే దాని విస్తీర్ణం, అక్కడ కనిపించిన ముప్పులు కూడా వ్యాసంలో రాయండి. సంరక్షణ స్థాయిని నిర్ణయించేవాళ్లకు మొదట చేతికొచ్చే సమాచారం అదే. గుహల్లాంటి సున్నితమైన చోట్ల కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు బయటపెట్టాలా వద్దా అన్నది అక్కడి అధికారులతో మాట్లాడి తేల్చుకోండి. పూర్తి వివరం మ్యూజియం రికార్డులో ఉంచి, అచ్చులో కొంత చుట్టుపక్కల ప్రాంతం మాత్రమే చెప్పవచ్చు.